రెండున్నర రూపాయల వీడ్కోలు

మా ఇంట్లో ఏడాదికోసారి ఏడుపుల కాలం వస్తుంది. శివరాత్రికి కాస్త అటూ ఇటూగా. మా ఆవిడ తెలుగు టీచరు. మార్కాపురం నుంచి కంభం వెళ్ళే దారిలో ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పని. పబ్లిక్ పరీక్షలకి ముందు తొమ్మిదో తరగతి పిల్లలు తలా ఇంత వేసుకుని పదో తరగతి వాళ్ళకి వీడ్కోలు సభ చేస్తారు. జూన్ నుంచి జనవరి దాకా "ఇంత మొండి బ్యాచ్‌ని నా సర్వీసులో చూడలేదు" అని రోజూ కంచం ముందు కూర్చుని తిట్టిన మనిషి, ఆ సాయంత్రం కళ్ళు వాచి ఇంటికొస్తుంది. "ఇలాంటి బ్యాచ్ మళ్ళీ రాదండీ" అంటుంది. ఏ బ్యాచ్‌కైనా ఈ రెండు మాటలూ వరసగా పడాల్సిందే. నేను టీ పెట్టి ఇచ్చి పక్కకి తప్పుకుంటాను.

2025లో ఆ సభకి ముఖ్య అతిథిగా ఒప్పుకున్న పెద్దమనిషికి ఆఖరి నిమిషంలో ఏదో పెళ్ళి తగిలింది. ఒక బ్యాంకు మేనేజరుని అడిగారు, ఆడిటింగ్ అన్నారు. రిటైరైన మాస్టారినొకరిని అడిగారు, మోకాళ్ళు అన్నారు. చివరికి హెడ్మాస్టరు గారు "మీవారు పత్రికలకి ఏదో రాస్తుంటారు కదమ్మా" అన్నారట. ఆ కబురు మా ఆవిడ నాకు అందించిన పద్ధతి ఇది: "ఎవరూ దొరకలేదు. మీరు ఖాళీయేగా, రండి."

డైరీ చూసి చెబుతానని బింకంగా అన్నాను. మా ఇంట్లో డైరీ లేదు.

నిజానికి ఆ పిలుపు కోసం నేను ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాను. పదో తరగతి విషయంలో నాకున్నంత సాధన ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. అందరూ ఒక ఏడాది చదివి వదిలేస్తారు. నేను 1990 మార్చిలో పరీక్ష రాసి బయటికొచ్చాక కూడా దాన్ని వదల్లేదు. పాత ఇంటికి మరమ్మతులు చేసుకున్నట్టు ఏటా ఒక గోడ ఎత్తు పెంచి, ఒక గదికి రంగు వేసి, ఈమధ్యే పైన ఒక మేడ కూడా లేపాను. ఇంటర్ గురించి, డిగ్రీ గురించి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. అంత ఓపిక మిగల్లేదు.

రెండు రాత్రులు కూర్చుని ప్రసంగం రాశాను. చదివి వినిపిస్తానంటే మా ఆవిడ కాగితాలు ఇలా ఇవ్వమంది. ఎర్ర పెన్ను తీసింది. ఏటా ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళి, ఫ్యాను కింద కూర్చుని, కట్టలకొద్దీ పదో తరగతి పేపర్లు దిద్దే చెయ్యి అది. ఆ చేతికి మొగుడని, పిల్లాడని తేడా తెలియదు.

మొదటి ఘట్టం కంభం చెరువు. మా క్లాసు విహారయాత్ర అక్కడికే. ఆ రోజుల్లో మా వైపు బళ్ళకి విహారయాత్ర అంటే రెండే రెండు. దేవుణ్ణి చూపించాలనుకుంటే త్రిపురాంతకం, నీళ్ళు చూపించాలనుకుంటే కంభం. "శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ గుండ్లకమ్మకి అడ్డంగా కొండల మధ్య కట్టించిందని పెద్దలు చెప్పే ఆ చెరువుని నేను పదిహేనేళ్ళ వయసులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదాను" అని రాశాను. పక్కన ఎర్రసిరా: "చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర. ఎటు నుంచి ఎటు?"

వెడల్పు వైపు అన్నాను, కొంచెం తగ్గి.

ఆవిడ నాతో వాదించలేదు. వసారా వైపు తిరిగి "అత్తమ్మా, ఈయనకి ఈతొచ్చా?" అని కేకేసింది.

మా అమ్మకి ఈమధ్య చెవులు మందగించాయి. గ్యాసు బండి వచ్చి హారన్ కొట్టినా వినపడదు. నా పరువుకి సంబంధించిన ప్రశ్న మాత్రం వీధి చివర నుంచి అడిగినా వినపడుతుంది. "ఈతా? ఈడికా? బోరింగు కాడ తల మీద చెంబుడు నీళ్ళు పోస్తే ఊపిరాడలేదని ఊరంతా లేపేటోడు. ఆ పొద్దు చెరువు కాడ అందరి గుడ్డలూ చెప్పులూ కాపలా కాసినాడంట. ఆళ్ళ సారే వచ్చి చెప్పినాడు, మీవోడు చానా నమ్మకస్తుడమ్మా అని."

ఒక్క చెప్పు పోలేదు. అది నిజం. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంఘం వాళ్ళు కంభం చెరువుని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చారు. కట్ట మీద కూర్చుని చెప్పులకి కాపలా కాసినవాడి ప్రస్తావన అందులో ఎక్కడా రాలేదు. పేరా మొత్తం కొట్టేసి "చెప్పులు" అని ఒక్క మాట రాసి, చుట్టూ సున్నా చుట్టింది మా ఆవిడ.

రెండో ఘట్టం 'శివ'. ఆ సినిమా 1989 అక్టోబరులో విడుదలైంది. మా దాకా వచ్చి, ఇంట్లో అబద్ధం కుదిరి, చేతికి డబ్బులు అందేసరికి పరీక్షలు దగ్గరపడ్డాయి. నాగార్జున సైకిలు చైను లాగడం చూశాక మా తరగతి మగపిల్లలకి సైకిలంటే చైనే, దాని చుట్టూ ఉన్నదంతా అనవసరపు ఇనుము. "జూనియర్లని ఏడిపిస్తున్న రౌడీల ముందు ఒక్క గుంజుతో చైను లాగి నిలబడ్డాను" అని రాశాను. ఈసారి అమ్మని పిలవాల్సిన పని కూడా లేకపోయింది. ఆవిడే లోపలికొచ్చి నిలబడింది. చైను గుంజితే రాలేదు. రాయి పెట్టి కొడితే సగం వచ్చింది. వచ్చిన సగాన్ని తిరిగి ఎక్కించడం చేతకాక, సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. తెల్లచొక్కా మీద పడిన గ్రీజు కిరసనాయిలు పెట్టి ఉతికినా పోలేదు. ఇన్నేళ్ళయినా అమ్మ ఆ చొక్కా గుడ్డ మీటరు ఎంతకి తెచ్చిందో చెప్పగలదు. చెప్పింది కూడా.

"మరి రౌడీలు?" అంది మా ఆవిడ.

రౌడీలు మా వాళ్ళే. పట్టుకుని కాస్త తోశారు, సైకిలు కదలకపోతే.

గ్రూపు ఫోటో దగ్గరికొచ్చేసరికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. "వీడ్కోలు బాధతో ఆనాడు ఒక్క ముఖంలోనూ నవ్వు లేదు" అని రాశాను. ఫోటో చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది. మార్కాపురం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు నవ్వండి, నవ్వండి అని గొంతు చించుకున్నాడు. ఒక్కరం పెదవి విప్పలేదు. కారణం బాధ కాదు. మా పడమటి పల్లెల్లో తాగేది బోరు నీళ్ళు, ఆ నీళ్ళలో ఫ్లోరైడు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే చేటంటారు. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే చిన్నవయసులో ఆ నీళ్ళు తాగితే పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి. వేపపుల్లతో అరగదీసినా, బొగ్గుతో తోమినా పోవు. కొన్ని ఊళ్ళలో అది పళ్ళతో ఆగలేదు, ఎముకల దాకా పోయింది. నడుం వంగిన మనుషుల్ని మేం వయసు మీదపడ్డవాళ్ళనుకునేవాళ్ళం. మాకు దక్కింది పళ్ళే కాబట్టి, నోరు మూసుకుంటే సరిపోయింది.

శ్రీశైలం నీళ్ళని నల్లమల కింద సొరంగాలు తవ్వి తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన చేసింది 1996లో, అంటే మేం బడి వదిలిన ఆరేళ్ళకి. 18 కిలోమీటర్లు దాటిన ఆ జంట సొరంగాల్లో రెండోదాని తవ్వకం ముగిసేసరికి 2024 వచ్చింది. ఈలోగా మా బ్యాచ్‌లో కొందరికి పళ్ళే ఊడిపోయి రంగు సమస్య తీరింది. మా ఆవిడ "వీడ్కోలు బాధ" కొట్టేసి "పళ్ళు" అని పెట్టింది. ఈ ఒక్క దిద్దుబాటుకి మాత్రం నేను అభ్యంతరం చెప్పలేదు.

మా మాస్టారి గురించి రాసిన నాలుగు వాక్యాలని మాత్రం ఆవిడ ముట్టుకోలేదు. ఆయన మా వీడ్కోలు సభలో "కర్నూలు జిల్లా ముద్దుబిడ్డలారా!" అని మొదలుపెట్టారు. 1970లో మార్కాపురం, గిద్దలూరు తాలూకాల్ని కర్నూలు నుంచి విడదీసి కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మేం పుట్టేనాటికే ఇవన్నీ అయిపోయాయి. ఇరవై ఏళ్ళు గడిచినా ఆయన దాన్ని తాత్కాలిక ఏర్పాటు కిందే చూసేవారు. అలాంటి మనిషి మీద కల్పించి రాయాల్సింది ఏముంటుంది?

అప్పటికి నా ప్రసంగంలో మిగిలింది చెప్పులు, పళ్ళు, కర్నూలు జిల్లా. ఉక్రోషం వచ్చింది. సాక్ష్యం చూపిస్తానని బీరువా తెరిచి ఆటోగ్రాఫ్ పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

ఆ కాలపు ఆటోగ్రాఫ్ పుస్తకం తెలిసినవాళ్ళకి తెలుసు. అడ్డంగా అరచేయంత ఉంటుంది. కొన్ని పేజీలు పసుపు, కొన్ని ఆకుపచ్చ, కొన్ని లేతనీలం, మధ్యలో కొన్ని గులాబీ. పసుపువి ఎవరికైనా ఇవ్వొచ్చు. గులాబీ పేజీ మీద రాసే హక్కు ఎవరికుందో పుస్తకం కొన్న రోజే తేలిపోతుంది, వాళ్ళకి చెప్పకపోయినా. మిగతా పేజీలన్నిట్లో రాత ఒకటే. మొదటివాడు ఎక్కడి నుంచో దించిన నాలుగు పంక్తుల్ని మిగతావాళ్ళు వాడి దగ్గర నుంచి దించారు. అందరి పుస్తకాల్లో అందరూ స్నేహాన్ని సముద్రమన్నారు. ఆ పిల్లల్లో సముద్రం చూసినవాడు ఒక్కడు లేడు. ఆశయం అన్నచోట ముగ్గురు కలెక్టర్లు, లెక్కలేనంతమంది డాక్టర్లు, ఒక పైలట్. పైలట్ ఇప్పుడు ఆర్టీసీలో ఉన్నాడు. గిద్దలూరు నుంచి నంద్యాల దాకా నల్లమల ఘాట్‌లో బస్సు తిప్పుతాడు. ఆ మలుపుల్లో వాడి పక్కన కూర్చున్న వాళ్ళెవరూ వాడి ఆశయం నెరవేరలేదని అనరు.

గులాబీ పేజీలో ఇలా ఉంది: "చదువుల తోటలో విరిసిన పారిజాతమా! నీ పరిమళం ఈ పాఠశాల ఏనాటికీ మరువదు. ఇట్లు, పేరు చెప్పుకోలేని ఒక స్నేహితురాలు."

పెళ్ళయిన కొత్తలో ఈ పుస్తకాన్ని బీరువాలో పై అరలో, చీర తీస్తే చేతికి తగిలేలా పెట్టేవాణ్ణి. ఎవరా స్నేహితురాలని అడగాలి. నేను కిటికీలోంచి దూరంగా చూస్తూ "ఇప్పుడవన్నీ ఎందుకులే" అనాలి. ఆవిడ ఏనాడూ అడగలేదు. అడగలేనంత బాధ కాబోలనుకుని జాలిపడేవాణ్ణి. పండక్కి ఒక చీర ఎక్కువే కొన్నాను కూడా, ఆ జాలితో.

మా ఆవిడ గులాబీ పేజీ చూసింది. లేచి వెళ్ళి గోడ మీది క్యాలెండరు తెచ్చింది. మా ఇంటి నీళ్ళ ట్యాంకరు లెక్క నేను రాసేది దాని మీదే. "నీళ్ళు" అని రాసిన గడి పక్కన "పరిమళం" పెట్టింది. ఆ 'ళ' తోక వెనక్కి తిరిగి, కిందికి దిగి, ఒక చుట్టు చుట్టుకుని ఆగింది. రెండు చోట్లా.

"ఎడమచేత్తో రాశారు, పాపం. వంకర బాగానే వచ్చింది. తోక దగ్గర దొరికిపోయారు" అంది. "అయినా మగపిల్లాణ్ణి పారిజాతమని ఏ ఆడపిల్ల రాస్తుందండీ?"

ఎప్పుడు తెలిసిందని అడిగాను. పెళ్ళయిన నెలకట. అత్తమ్మకి చూపించిందట. ఇద్దరూ అప్పుడప్పుడు తీసి చదువుకుంటారట, ముఖ్యంగా కరెంటు పోయినప్పుడు.

జరిగింది చెప్పేశాను. మా బళ్ళో ఆడపిల్లలతో మాట్లాడే ఆచారం లేదు. పుస్తకాన్ని ఒక ఆరో తరగతి పిల్లాడి చేత ఆడపిల్లల వరసలోకి పంపాను. మర్నాడు అదే పిల్లాడి చేత తిరిగొచ్చింది. గులాబీ పేజీ దగ్గర ఒక చీటీ: "ఈ పుస్తకం నాది కాదు. పొరపాటున నాకు ఇచ్చారు." ఆ అమ్మాయి తప్పు లేదు. పుస్తకం మీద నా పేరు రాసే ఉంది కానీ, ఆ పేరు ఎవరిదో ఆమెకి తెలియదు.

మా ఆవిడ నవ్వలేదు. పేజీలు తిప్పుతూ ఒక పసుపు పేజీ దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, "ఈ పుస్తకం మొత్తంలో వాక్యం రాయడం తెలిసినవాడు వీడొక్కడే" అంది. పలకల గనిలో పనిచేసే కుటుంబం నుంచి వచ్చిన మిత్రుడు రాసిందది. "శివ సినిమా టికెట్టు 2 రూపాయలు, సోడా అర్ధ రూపాయి, మొత్తం రెండున్నర నీవు నాకు బాకీ. ఇంటర్‌లో చేరేలోపు ఇవ్వగలవు." కింద సంతకం, తేదీ.

"ఇది చదవండి సభలో" అంది. మిగతా కాగితాలు మడిచి ఉల్లిపాయల బుట్ట కింద వేసింది.

సభ బాగా జరిగింది. ముఖ్య అతిథి మాట్లాడకముందు దాకా మరీ బాగా జరిగింది. రంగు కాగితాల తోరణాలు, కేకు, ప్లేట్లలో మిక్చరు, అరటిపండు. తెల్ల యూనిఫాం చొక్కాల వీపుల మీద స్కెచ్ పెన్నులతో సంతకాలు. మైకు దగ్గరికొచ్చిన పిల్లలు చాలామంది మా పసుపు పేజీల భాషే మాట్లాడారు. సముద్రం ఇంకా ఇంకలేదు. అప్పుడొక అమ్మాయి లేచింది. వాళ్ళ బ్యాచ్ అయిదో తరగతిలో ఉండగా 2020 మార్చిలో కరోనాకి బళ్ళు మూతపడ్డాయి. ఆరో తరగతి పిల్లలకి హైస్కూలు గేటు తెరిచింది 2021 సంక్రాంతి వెళ్ళాక. "మేం ఈ బడికి వచ్చినప్పుడు అందరికీ మాస్కులే. నా పక్కన కూర్చునేదాని కళ్ళే నాకు తెలుసు. అన్నం తినేటప్పుడు మొదటిసారి ముఖం చూసి, ఇది వేరే అమ్మాయనుకుని లేచి వెనక బెంచీకి వెళ్ళిపోయాను" అంది. హాలంతా నవ్వింది. పక్కన కూర్చునేది అక్కడే ఉంది, అది కూడా నవ్వింది, తర్వాత ఇద్దరూ ఏడ్చారు.

ఆ తర్వాత నన్ను పిలిచారు. చెప్పులు చెప్పాను, పళ్ళు చెప్పాను. మర్యాదగా విన్నారు. బాకీ కాగితం చదివాక మాత్రం వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచి "ఇచ్చేశారా సార్?" అని అరిచాడు. లేదన్నాను. హాలు దద్దరిల్లింది. ఇంకొకడు "హిందీలో ఎన్నొచ్చాయి సార్?" అన్నాడు. మిగతా సబ్జెక్టుల్లో పాసుకి 35 కావాలి, హిందీకి 20 చాలు. ఆ 15 మార్కుల దయ మీద మా వైపు ఎన్ని సంసారాలు నిలబడ్డాయో నాకు తెలుసు, నాది ఒకటి కనుక. పాసయ్యానని మాత్రం చెప్పి కూర్చున్నాను. వారం లోపల బాకీ తీరుస్తానని హెడ్మాస్టరు గారు నా చేత మైకులో మాట ఇప్పించారు.

ఇంటికొచ్చి ఆ మిత్రుడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు మార్కాపురంలోనే పలకరాయి వ్యాపారం చేస్తున్నాడు. బడిపిల్లల పలకలకి గిరాకీ పడిపోయింది, ఇళ్ళ గోడలకి అతికించుకునే రాయికి బాగుందట. విషయం చెప్పి, ఫోన్‌పే నంబరు ఇదేనా అని అడిగాను. వాడు చాలాసేపు నవ్వి, "ఆ ఎండాకాలమే మీ అమ్మ ఇచ్చేసింది గదరా. నేను మీ ఇంటికొచ్చి అడిగితే, కొంగుముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చింది" అన్నాడు.

ఫోన్ స్పీకరులో ఉంది. అమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది.

"ఔ, ఇచ్చినా" అంది. "నువ్వు నాకియ్యాల."

రెండున్నర రూపాయలు ఎంతసేపన్నాను. జేబులోంచి అయిదు రూపాయల బిళ్ళ తీశాను, చిల్లర ఉంచుకోమన్నాను. అమ్మ బిళ్ళ వైపు చూడలేదు. మా ఊళ్ళో చేబదులు కూడా నూటికి రెండు రూపాయల వడ్డీ లేకుండా నడిచేది కాదంది. మా ఆవిడ వెంటనే కాగితం అందుకుంది. నెలకి 5 పైసలు, 35 ఏళ్ళకి 21 రూపాయలు, అసలుతో కలిపి 23 రూపాయల 50 పైసలు. అదీ ఇచ్చేస్తానన్నాను.

"యాడాదికోసారి నోటు తిరగరాస్తే?" అంది అమ్మ.

ప్రోనోటు తిరగరాయడమంటే వడ్డీని అసల్లో కలపడం. మా ఆవిడ ఈసారి ఫోన్‌లో లెక్క తీసింది. ఒకసారి చెరిపి మళ్ళీ నొక్కింది. 4,650 రూపాయల పైచిలుకు తేలింది. నేను కాలదోషం పట్టిందన్నాను, చట్టం మూడేళ్ళే అన్నాను. మైకులో మాటిచ్చారు కదా అంది మా ఆవిడ.

రాత్రి భోజనాల దాకా బేరం నడిచింది. చివరికి డబ్బు వద్దని అమ్మే తగ్గింది. టీవీ రిమోటు సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆవిడ దగ్గర ఉండాలి. ఆ వేళ నేను న్యూస్ అడగకూడదు, క్రికెట్ అడగకూడదు, సీరియల్లో ఎవరు ఎవరికి కోడలో ఆవిడకి వినపడనప్పుడు గట్టిగా చెప్పాలి. ఒప్పుకుని సంతకం పెట్టాను. 'ళ' లేని చోట చూసి పెట్టాను. ఇన్ని నెలలైంది, బాకీ తీరినట్టేనా అని మొన్న అడిగితే, ఇప్పటిదాకా నడిచింది వడ్డీ కిందికేనట. అసలు అలాగే ఉంది.